శాంటియాగోలో ఒక చదివింపుల పుస్తకం

మా కావలి వైపు పెళ్లి పందిట్లో, భోజనాల బంతికి కాస్త ఎడంగా, ఒక బల్ల వేసుకొని ఇద్దరు కూర్చుంటారు. ఒకరి ముందు పొడవాటి లెక్కల పుస్తకం ఉంటుంది, రెండోవారి ఒళ్లో డబ్బుల సంచి ఉంటుంది. వచ్చిన బంధువు ఏ ఊరివాడో, ఎవరి కొడుకో, ఎంత ఇచ్చాడో, నగదు కాకపోతే ఏ వస్తువు ఇచ్చాడో అంతా ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. నా చిన్నతనంలో దాన్ని మైకులో చదివేవారు కూడా. చిలీ రాజధాని శాంటియాగోలోని సాల్వడార్ అయెందే సంఘీభావ మ్యూజియంలో తిరిగినంతసేపూ నా మనసులో మెదిలింది ఆ చదివింపుల పుస్తకమే. ఈ మ్యూజియానికి పునాది వేసిన బొమ్మలను ఎవరూ కొనలేదు, ఏ జమీందారూ వారసులకు వదిలిపోలేదు, ఏ సైన్యమూ కొల్లగొట్టి తేలేదు. దూరాన ఒక దేశపు ప్రజలు తమ బతుకును తామే మార్చుకునే ప్రయత్నంలో ఉన్నారని విని, మేమూ మీ పక్షమేనని చెప్పడానికి దేశదేశాల చిత్రకారులు, శిల్పులు తమ చేతిపనిని ఊరికే ఇచ్చి పంపారు. అలా చేరిన కళాకృతులు ఇవాళ 2,700కు పైగా ఉన్నాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ని. అల్లుడి ఉద్యోగం శాంటియాగోలో కావడంతో గత జనవరిలో నేనూ మా ఆవిడా అక్కడ నెల రోజులు ఉన్నాం. జనవరి అక్కడ నడి వేసవి. అయితే రోహిణి కార్తెలో నెల్లూరు బస్టాండులో నిలబడ్డవాడికి ఆ ఎండ ఎండగా తోచదు. అయెందే పేరు నాకు కొత్తది కాదు. 1973 సెప్టెంబరులో నేను పదో తరగతి చదువుతున్నాను. మన పత్రికలు అప్పట్లో అలెండీ అని రాసేవి. సుందరయ్య గారు పుట్టిన జిల్లా కాబట్టి కావచ్చు, చిలీ పటంలో ఎక్కడుందో చూపించలేని పెద్దలు కూడా టీ అంగడి దగ్గర దేశాధ్యక్షుడైన అయెందేను సైన్యం కూల్చిందన్న వార్త చదివించుకొని విని, కాసేపు మాట లేకుండా కూర్చోవడం నాకు గుర్తుంది. అందువల్ల ఇది ఏ పక్షమూ లేనివాడు రాసిన సమీక్ష అని చెప్పుకోలేను. బొమ్మల విషయంలో మాత్రం మొహమాటపడకుండా రాస్తాను.

ముందుగా ఈ చదివింపులు ఎలా మొదలయ్యాయో చెప్పాలి, ఎందుకంటే ఆ కథ తెలియకుండా లోపలికి వెళితే ఇది పది రకాల బొమ్మలు ఒకచోట తగిలించిన పాత మేడలాగే కనిపిస్తుంది. సాల్వడార్ అయెందే 1970 నవంబరులో దేశాధ్యక్షుడయ్యారు. ఆయన మార్క్సిస్టు, ఓట్లతో గెలిచి వచ్చినవాడు. 1971 జూలైలో చిలీ తన రాగి గనులను జాతీయం చేసింది. అంతకు ముందు నుంచే ఆ ప్రభుత్వం మీద విదేశీ పత్రికల్లో వ్యతిరేక ప్రచారం సాగుతుండడంతో, 1971 ఏప్రిల్‌లో ప్రభుత్వం దేశదేశాల పాత్రికేయులను, రచయితలను, కళాకారులను శాంటియాగోకు పిలిచి, మీరే స్వయంగా చూసి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండని కోరింది. ఆ కార్యక్రమానికి ‘ఆపరేషన్ సత్యం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వచ్చినవారిలో స్పెయిన్ కళా విమర్శకుడు హోసే మరియా మొరేనో గల్వాన్, ఇటలీ రచయితా చిత్రకారుడూ అయిన కార్లో లేవి ఉన్నారు. ప్రకటనల మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా, కళాకారులు తలా ఒక కృతిని చిలీ ప్రజలకు ఇవ్వాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

ఆలోచన ఎవరికైనా పుడుతుంది, దాన్ని మోసేవాడు దొరకడమే కష్టం. ఇక్కడ మోసినవాడు మారియో పెడ్రోజా. ఆయన బ్రెజిల్ దేశపు పేరుపొందిన కళా విమర్శకుడు. సొంత దేశంలో సైనిక పాలన ఉండడంతో చిలీలో తలదాచుకుంటున్న ప్రవాసి. తనకు చోటిచ్చిన దేశం కోసం ఆయన ఒక అంతర్జాతీయ సంఘాన్ని నిలబెట్టి, తనకు తెలిసిన ప్రతి చిత్రకారుడికీ, విమర్శకుడికీ ఉత్తరాలు రాశాడు. న్యూయార్కు వైపు విమర్శకురాలు డోరే ఆష్టన్ ఆ భారం ఎత్తుకుంది. ఫ్రెంచి కవి లూయీ అరగాన్, స్పానిష్ కవి రఫాయెల్ అల్బెర్తి కూడా ఆ సంఘంలో ఉన్నారు. బొమ్మలు చిలీ రాయబార కార్యాలయాల ద్వారా శాంటియాగోకు చేరాయి. 1972 మే 17న కింటా నోర్మాల్ అనే పెద్ద పార్కులో ఉన్న సమకాలీన కళా మ్యూజియంలో మొదటి ప్రదర్శన తెరిచారు. 1973 సెప్టెంబరు నాటికి ఇచ్చినవారి జాబితా 600 కృతులు దాటింది. మన ఒంగోలు జిల్లాకు ప్రకాశం గారి పేరు పెట్టిన సంవత్సరం కూడా 1972యే కాబట్టి ఆ ఏడు నాకు తేలికగా గుర్తుంటుంది.

పేరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మొదట ఈ మ్యూజియం పేరులో అయెందే లేడు. దాని పేరు ‘సంఘీభావ మ్యూజియం’, అంతే. ఆయన బతికి, అధికారంలో ఉండగా దానికి తన పేరు పెట్టించుకోలేదు. ఆయన చనిపోయాక, దేశం బయట ఉన్న మిత్రులు ఆ పేరు చేర్చారు. వార్డుకొక విగ్రహం, వీధి కొళాయికొక శిలాఫలకం ఉండే చోటి నుంచి వెళ్లిన నాకు ఆ క్రమం బాగా నచ్చింది.

బొమ్మల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా 1968లో వేసిన ‘ఇస్ఫహాన్ 3’. స్టెల్లా ఆ కాలంలో కోణమాని ఆకారాన్ని ఆధారం చేసుకొని చాలా పెద్ద చిత్రాల వరుస ఒకటి వేశాడు. వాటికి పాత నగరాల పేర్లు పెట్టాడు, ఇస్ఫహాన్ ఇరాన్‌లోని నగరం. మన పిల్లల జామెట్రీ పెట్టెలోని ఆ ప్లాస్టిక్ అర్ధచంద్రమే ఈ చిత్రానికి మూలం. అర్ధవృత్తాలు, చాపాలు ఒకదాని కింద నుంచి ఒకటి దూరి పైకి వస్తూ, ముగ్గులో మెలిక తిరిగినట్టు తిరుగుతాయి. రంగులు మాత్రం ముగ్గుపిండి రంగుల కంటే కటువుగా, రాత్రిపూట షాపుల బోర్డుల్లాగా కొడతాయి. ముప్పై ఏళ్లు పిల్లల చేత కోణమానితో గీతలు గీయించి, గీత దాటినందుకు కోప్పడినవాణ్ని నేను. ఆ పనిముట్టులో ఇంత సంబరం దాక్కొని ఉందని నాకెవరూ చెప్పలేదు. ఇందులో రాజకీయం ఏముందని ఎవరైనా అడగవచ్చు. బొమ్మలో ఏమీ లేదు. నినాదం లేదు, పిడికిలి లేదు, ఎర్ర రంగుకు ప్రత్యేక స్థానం లేదు. రాజకీయమంతా దాన్ని ఇవ్వడంలో ఉంది. అమెరికా ప్రభుత్వం అయెందేకు ఎక్కడా అప్పు పుట్టకుండా చేస్తున్న రోజుల్లో, అదే దేశపు చిత్రకారుడి కాన్వాసు శాంటియాగోకు వచ్చింది.

నా దృష్టిలో ఈ మ్యూజియం గొప్పతనమంతా ఇక్కడుంది. విప్లవానికి విరాళం అనగానే మనకు సుత్తీ కొడవలీ, జెండా, ఎత్తిన చెయ్యి గుర్తొస్తాయి. మా కుర్రతనంలో ఎన్నికల గోడల మీద నేను కూడా అలాంటివి చాలా వేశాను. ఇక్కడ దాతలకు అలాంటి షరతు ఏదీ పెట్టలేదు. ఇలాంటి బొమ్మే పంపండి, మా నాయకుడి ముఖం వేయండి అని ఎవరూ అడగకపోవడం వల్ల, విక్టర్ వాసరెలీ కళ్లను మోసపుచ్చే గళ్ల లెక్కలూ, లిజియా క్లార్క్ రేఖాగణితమూ, అలెగ్జాండర్ కాల్డర్ కృతీ, తాపియెస్ బరువైన మట్టిరంగులూ, చిలీ బిడ్డ రొబెర్తో మత్తా ఊహాలోకాలూ అన్నీ ఒకే జాబితాలో పడ్డాయి. ఆనాడు సోషలిజం పేరు చెప్పుకున్న దేశాలు కొన్ని నైరూప్య చిత్రాలను అనుమానంగా చూసేవి. పెడ్రోజా ఆ తప్పు చేయలేదు. పెళ్లికి వచ్చినవాడు తనకు చేతనైంది చదివిస్తాడు. ఫలానా వస్తువే తెమ్మని చెప్పే ఇంటికి బంధువులు తగ్గిపోతారు.

జొవాన్ మీరో తన దగ్గరున్న పాత బొమ్మ పంపకుండా, చిలీ కోసమే ప్రత్యేకంగా ఒక కోడిపుంజును చిత్రించి పంపాడు. తెల్లవారుతోందని కూసేది అదే కాబట్టి దాని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మీరో అప్పటికి ఫ్రాంకో నియంతృత్వంలోని స్పెయిన్‌లో ఉంటున్నాడు. తన ఊళ్లో ఇంకా చీకటిగా ఉండగా, పక్క ఊళ్లో తెల్లవారిందని విని కోడిని పంపినవాడు. సంక్రాంతి పందేల్లో తప్ప కోడిపుంజును ఎత్తుకొని తిరగని మనలాంటివాళ్లకు ఈ కోడి కొంచెం విచిత్రంగానే కనిపిస్తుంది; దానికి కాళ్లెక్కడున్నాయని మా ఆవిడ అడిగింది. నేను వివరించబోతే, ‘ఉండండి, నాకు నచ్చింది, పాఠం చెప్పొద్దు’ అంది.

మెక్సికో గోడచిత్రకారుడు సికెయిరోస్ పేరు కూడా దాతల్లో ఉంది. ఆయనకూ చిలీకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అంతకు ముందే ఉంది. 1939 జనవరిలో చిల్యాన్ అనే ఊరు భూకంపంలో కూలిపోతే మెక్సికో ప్రభుత్వం అక్కడ ఒక బడి కట్టించి ఇచ్చింది. ఆ బడి గ్రంథాలయం గోడలను, పైకప్పును సికెయిరోస్ 1941, 1942 సంవత్సరాల్లో చిత్రాలతో నింపాడు. అంటే ఈ చదివింపుల పుస్తకంలో కొన్ని పద్దులు 1971కి ముందే మొదలయ్యాయి.

ఇప్పుడు నిష్ఠూరం. విరాళాల మీద కట్టిన సేకరణ సమంగా ఉండదు. పెళ్లిలో ఎవరైనా బంగారపు ఉంగరం పెడితే, ఇంకెవరైనా తమ ఇంట్లో అటక మీదున్న రెండో బిందెను తుడిచి తెస్తారు. పుస్తకంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ కూడా అంతే. మొదటి దశలో వచ్చినవాటిలో కొన్ని ఆయా చిత్రకారుల ఉత్తమ కృతుల పక్కన నిలబెట్టదగ్గవి. తరవాతి దశలో వచ్చినవాటిలో ముద్రణ చిత్రాలు చాలా ఉన్నాయి, ఆవేశం తప్ప గీత కుదరనివి ఉన్నాయి, ముళ్లతీగ, పావురం, నెత్తుటి చుక్క ఈ మూడింటినే అటూ ఇటూ మార్చి వేసినవి ఉన్నాయి. ఒక మంచి క్యూరేటరు చేతికి డబ్బిచ్చి కొనమంటే వీటిలో సగం కొనడు. ఇరవయ్యో శతాబ్దపు కళ పరిణామాన్ని వరుసగా నేర్చుకుందామని వెళ్లేవారికి ఈ మ్యూజియం ఆ పని చేసిపెట్టదు. ఇక్కడి వరుస కళాచరిత్ర వరుస కాదు, స్నేహాల వరుస.

అయినా, ఇల్లు చేరాక చాలా రోజులు నన్ను వెంటాడినవి ఆ రెండో దశ బొమ్మలే. 1973 సెప్టెంబరు 11న సైన్యం అధ్యక్ష భవనం మీద బాంబులు వేసింది; అయెందే ఆ రోజు అక్కడే మరణించారు. మ్యూజియం మూతపడింది. అప్పటిదాకా వచ్చిన బొమ్మలు గోదాముల్లోకి వెళ్లాయి, కొన్నింటి జాడ తెలియలేదు. పెడ్రోజా మెక్సికో రాయబార కార్యాలయంలో తలదాచుకొని దేశం దాటాడు; బ్రెజిల్ నుంచి చిలీకి, చిలీ నుంచి మళ్లీ బయటికి, మరోసారి ప్రవాసి అయ్యాడు. పెళ్లి ఆగిపోయి, పందిరి తగలబడి, ఇంటి పెద్ద పోయిన తరవాత చదివింపుల బల్ల దగ్గర ఎవరుంటారు? ఇక్కడే ఈ కథ మన అనుభవాన్ని దాటిపోతుంది. 1975 నుంచి ప్రవాసులు ‘సాల్వడార్ అయెందే అంతర్జాతీయ ప్రతిఘటన మ్యూజియం’ పేరుతో మళ్లీ బల్ల వేశారు. అయెందే ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసిన మిరియా కొంత్రేరాస్ ఆ పనికి ముఖ్యురాలైంది. ఫ్రాన్సు, స్పెయిన్, స్వీడన్, మెక్సికో, క్యూబా, ఇంకా అనేక దేశాల్లో సంఘాలు ఏర్పడి, చిత్రకారులను అడిగి, వచ్చినవాటిని ఊరూరా ప్రదర్శిస్తూ, భద్రపరుస్తూ వచ్చాయి. ఆ మ్యూజియానికి భవనం లేదు, చిరునామా లేదు, ఎప్పటికైనా ఇంటికి చేరుతుందన్న భరోసా లేదు.

గెలిచినవాడి ఇంటికి కానుక పంపడంలో సంతోషం ఉంటుంది, కాస్త గొప్ప కూడా ఉంటుంది. 1972లో ఇచ్చినవారికి తమ బొమ్మను అధ్యక్షుడు చూస్తాడని, ప్రపంచ పత్రికల్లో పేరు వస్తుందని తెలుసు. అందులో తప్పేమీ లేదు. 1977లోనో 1980లోనో ఇచ్చినవారికి తీసుకునే చెయ్యి కూడా కనిపించదు. మన చదివింపుల్లో ఒక లెక్క ఉంది: నేను నీ కొడుకు పెళ్లికి నూటపదహార్లు చదివిస్తే, నా కూతురి పెళ్లికి నువ్వు అంతకు తగ్గకుండా చదివించాలి. ఈ రెండో దశ దాతలకు ఆ లెక్క తీరే దారే లేదు. అందుకే గీత కుదరని ఆ పావురాల దగ్గర, ముళ్లతీగల దగ్గర, మొదట విసుగ్గా దాటిపోయిన నేను వెనక్కి వచ్చి సంవత్సరాలు చదువుకుంటూ నడిచాను. మీరు వెళితే, చీటీ మీద చిత్రకారుడి పేరు కంటే ముందు ఆ సంవత్సరం చూడండి. 1973కు ఇవతలిదా అవతలిదా అన్నది తెలిస్తే బొమ్మ మారిపోతుంది.

ఒకే మనిషి జీవితంలో ఈ మొత్తం కథ చూడాలంటే హోసే బాల్మెస్‌ను చూడాలి. ఆయన 1927లో స్పెయిన్‌లోని కాతలూన్యాలో పుట్టాడు. అక్కడి అంతర్యుద్ధంలో ఓడిన రెండు వేల మందికి పైగా శరణార్థులను కవి నెరూడా విన్నిపెగ్ అనే ఓడ ఎక్కించి చిలీకి పంపితే, ఆ ఓడలో 1939 సెప్టెంబరులో వాల్పరైసో రేవులో దిగిన పన్నెండేళ్ల పిల్లవాడు ఈయన. చిలీలోనే పెరిగి, చిత్రకారుడై, చిత్రకళ బోధించి, 1973 తరవాత ఫ్రాన్సుకు ప్రవాసం వెళ్లి, అక్కడి నుంచి ఈ ప్రతిఘటన మ్యూజియం కోసం పనిచేసి, చివరికి తిరిగి వచ్చి ఇదే మ్యూజియానికి డైరెక్టరయ్యాడు. ఆయన బొమ్మల్లో మరకలు, చిరుగులు, వార్తాపత్రికల ముక్కలు, సగం గీసి ఆపేసిన మనిషి ఆకారాలు ఉంటాయి. తడి ఆరకముందే ఎవరో తలుపు కొడితే వదిలేసి పారిపోయిన బొమ్మల్లా ఉంటాయి.

సైనిక నియంత పినోచెట్ పాలన 1990లో ముగిసింది. మరుసటి ఏడాది, 1991 సెప్టెంబరులో, బయటి దేశాల నుంచి తిరిగి వచ్చిన బొమ్మలనూ, లోపల గోదాముల్లో మిగిలినవాటినీ కలిపి జాతీయ లలితకళల మ్యూజియంలో ప్రదర్శించారు. రెండు పుస్తకాలు ఒకటయ్యాయి. పెడ్రోజా ఆ రోజు చూడలేదు, ఆయన 1981లోనే పోయాడు.

ఇక ఇల్లు సంగతి. మ్యూజియం ఇప్పుడు రిపబ్లికా అవెన్యూ 475 నంబరు మేడలో ఉంది. ఆ వీధి నిండా పాత సంపన్నుల మేడలు, వాటిలో ఇప్పుడు విశ్వవిద్యాలయాల తరగతులు. మధ్యాహ్నానికి కాలేజీ పిల్లలతో వీధి కళకళలాడుతుంది. ఈ మేడ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఒక ధనిక కుటుంబం కట్టించుకున్నది. సైనిక పాలనలో ఇది రహస్య పోలీసు విభాగం చేతికి పోయింది. వారు ఇక్కడ కూర్చొని జనం టెలిఫోన్ సంభాషణలు వినేవారు. ఆ నిఘా యంత్రాంగపు ఆనవాళ్లు నేలమాళిగలో మిగిలాయి. ఎవరి పేరు చెవిన పడితే ఆ మనిషిని పట్టుకుపోయేవారో, ఆ చెవి ఉన్న ఇంట్లోనే ఇప్పుడు అయెందే పేరు బోర్డు మీద ఉంది. 2000 తరవాతి దశకం మధ్యలో మ్యూజియం ఈ ఇంటికి మారింది. 2005 నుంచి ఒక ఫౌండేషన్ దీన్ని నడుపుతోంది, సేకరణ మాత్రం చిలీ ప్రజలది. ఇంట్లో పాలరాయి, చెక్క మెట్లు, పైకప్పు అలంకారం చూసి బొమ్మల కంటే ఇదే బాగుందనే సందర్శకులు కూడా ఉంటారు; మా అల్లుడు ఆ కోవలోకే వస్తాడు.

ఇల్లు ఎంత అందంగా ఉన్నా, అది ఇల్లే. రెండు వేల ఏడు వందల కృతులను ఒకేసారి గోడకెక్కించే చోటు దానికి లేదు, ఉండదు. అందువల్ల కొన్నింటిని ఒక అంశం కింద ఎంచి ప్రదర్శిస్తారు, కొన్నాళ్లకు మారుస్తారు. మీరోను చూడాలనో, స్టెల్లాను చూడాలనో పట్టుపట్టి వెళ్లేవారు ముందుగా మ్యూజియం వెబ్‌సైటులో ప్రస్తుతం ఏ ప్రదర్శన నడుస్తోందో చూసుకోవడం మంచిది. సేకరణ జాబితా కూడా అందులో ఉంది. కావలి తిరిగి వచ్చాక దాన్ని ముందేసుకొని నేను చాలా రాత్రులు గడిపాను. విమానం ఎక్కనక్కర్లేకుండా దీన్ని తెలుసుకోవాలనుకునే డ్రాయింగ్ మాస్టార్లకు నేను చెప్పేది అదే.

ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటేనా అంటే కాదు, కానీ దీని దారి వేరు. 1963 జూలై 26న యుగోస్లావియాలోని స్కోప్యే నగరం భూకంపంలో కూలిపోయినప్పుడు కూడా దేశదేశాల చిత్రకారులు బొమ్మలు ఇచ్చారు, పికాసో కూడా ఒకటి ఇచ్చాడు, ఆ విరాళాలతో అక్కడ సమకాలీన కళా మ్యూజియం వెలిసింది. అది ఆపదకు స్పందించిన దానం; తుఫాను వచ్చినప్పుడు బియ్యం, దుప్పట్లు పంపినట్టు. 1989 నవంబరు తుఫాను మా కావలిని తాకినప్పుడు అలాంటి సాయం విలువ మాకూ తెలిసింది. చిలీకి వచ్చింది అది కాదు. అక్కడ ఏ ఇల్లూ కూలకముందే, ఒక రాజకీయ నిర్ణయాన్ని మెచ్చుకొని ఇచ్చారు. చిలీ దారిలో నడిచినదాన్ని బేరూత్‌లో చూడవచ్చు: 1978లో పాలస్తీనా కోసం సుమారు ముప్పై దేశాల కళాకారులు ఇచ్చిన రెండు వందల కృతులతో అక్కడ ప్రదర్శన పెట్టారు. 1982 ముట్టడిలో ఆ సేకరణ చెల్లాచెదురైంది. శాంటియాగో పుస్తకం ఇంటికి తిరిగి వచ్చింది, బేరూత్ పుస్తకం రాలేదు.

మనకు ఇలాంటిది ఏదైనా ఉందా అని తిరుగు ప్రయాణంలో ఆలోచించుకుంటూ వచ్చాను. బొమ్మల రూపంలో నాకు తెలిసి లేదు. ఇటుకల రూపంలో ఉంది. నెల్లూరికి దగ్గర్లో పెన్న ఒడ్డున పల్లిపాడులో గాంధీగారు 1921 ఏప్రిల్ 7న తెరిచిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమానికి భూమిని పొణకా కనకమ్మ గారు ఇస్తే, భవనానికి 10,000 రూపాయలు దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీగారి మిత్రుడు, పార్సీ రుస్తుంజీ ఇచ్చారు. ఆ రుస్తుంజీకి పెన్నా నదితో సంబంధం ఏమిటి? స్టెల్లాకు రాగి గనులతో ఎంత సంబంధమో అంతే. మా స్కూలు పిల్లలను రెండుసార్లు అక్కడికి తీసుకువెళ్లి, గాంధీగారు వచ్చిన చోటు అని చెప్పాను గాని, కట్టిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి కూడా చెప్పలేదు. శాంటియాగో చూసి వచ్చాక ఆ లోపం నాకు తెలిసింది. ఇప్పుడు మనవరాలిని తీసుకువెళ్లినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాను.

చివరగా, వెళ్లాలనుకునేవారికి. మెట్రో ఒకటో లైనులో రిపబ్లికా అనే స్టేషనులో దిగి దక్షిణంగా నడిస్తే చాలు, ఆటో టాక్సీల బేరం అవసరం లేదు. సోమవారం మ్యూజియానికి సెలవు. రెండు గంటలు సరిపోతుంది. నాలాగా చీటీలన్నీ చదివే అలవాటు ఉంటే మూడు. స్పానిష్ తెలిసినవారు తోడుంటే చూసినదాని విలువ రెట్టింపవుతుంది. మాకు ఆ సాయం మా అమ్మాయి చేసింది. పసిపిల్లలు విసుగుపడతారు, హైస్కూలు పిల్లలు విసుగుపడరు. కళ అంటే రవివర్మ బొమ్మల్లాగే ఉండాలనుకునేవారు వెళ్లకపోయినా నష్టం లేదు, ఇంటిని చూసి మాత్రం సంతోషిస్తారు. మిగతావారు నేలమాళిగ దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కండి. మేము పై నుంచి కిందికి దిగి, ఆ ఆనవాళ్లు చూసినప్పుడు, మళ్లీ పైకి వెళ్లి అన్నీ ఇంకోసారి చూడాల్సి వచ్చింది.